ఫిర్యాదులో కులం ఎక్కడ?

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశాఖ తీర్పు మనకు కొత్త కాదు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై దేశంలో చట్టమే లేని 1997లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆధారం ఎక్కడ దొరికింది? మహిళలపై అన్ని రకాల వివక్ష నిర్మూలన ఒప్పందంలో, అంటే సీడాలో. భారత్ దాన్ని 1993లో ఆమోదించింది. ప్రాథమిక హక్కులకు విరుద్ధం కాని అంతర్జాతీయ ఒప్పందాన్ని, ఆ హక్కుల అర్థాన్ని విస్తరించడానికి వాడుకోవచ్చని కోర్టు చెప్పింది.

కానీ ఆ తీర్పులో లేనిదేమిటో కూడా చూడాలి. ఆ కేసుకు మూలం భన్వారీ దేవి. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో కుమ్మరి కులస్తురాలు. ప్రభుత్వ కార్యక్రమంలో 'సాథిన్'గా బాల్యవివాహాన్ని అడ్డుకున్నందుకు 1992లో పై కులాల మగవాళ్లు తనపై సామూహిక అత్యాచారం చేశారని ఫిర్యాదు చేసింది. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. విశాఖ తీర్పులో ఆమె ఒక 'సామాజిక కార్యకర్త' మాత్రమే. పేరు లేదు, కులం లేదు. 2013 చట్టంలోని లైంగిక వేధింపు నిర్వచనంలోనూ కులం లేదు.

ఇది ఒప్పందం లోపమా, దాన్ని చదివిన తీరులో లోపమా? చదివిన తీరులోనే అంటాను. ఒప్పందాన్ని దాని లక్ష్యం వెలుగులో, సదుద్దేశంతో చదవాలని వియన్నా ఒప్పందం 31వ అధికరణ చెబుతుంది. సీడా లక్ష్యం 'అన్ని రకాల' వివక్ష నిర్మూలన. స్త్రీ ఎదుర్కొనే వివక్ష కులంతో విడదీయరానంతగా ముడిపడి ఉంటుందని సీడా కమిటీ 2010 నాటి 28వ సాధారణ సిఫార్సులో కులాన్ని పేరు పెట్టి మరీ చెప్పింది. అంటే విశాఖ పద్ధతిలోనే విశాఖ వదిలేసినదాన్ని అడగవచ్చు.

అడగకపోతే ఏమవుతుంది? ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పటాన్ జమాల్ వలీ కేసు చూడండి. బాధితురాలు చూపులేని షెడ్యూల్డ్ కులం యువతి. 2021లో సుప్రీంకోర్టు కులం, లింగం, వైకల్యం కలిసి చేసే హింస గురించి వివరంగా రాసింది. అత్యాచారానికి పడిన శిక్షను ఖాయం చేసింది. అయినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను కొట్టేసింది. కులం కారణంగానే నేరం జరిగిందనడానికి విడిగా సాక్ష్యం లేదన్నది. 2016లో అమల్లోకి వచ్చిన సవరణ ఆ నిబంధనను మార్చింది గానీ, ఈ నేరం అంతకుముందే జరిగింది.

అందుకే తోటి విద్యార్థినికి ఫిర్యాదు రాసిపెట్టేటప్పుడు మూడు పనులు చేద్దాం. కులం పేరుతో అన్న మాటలను అన్నవి అన్నట్టే రాద్దాం. దాన్ని నేపథ్యంగా కాక, జరిగిన హానిలో భాగంగా చూపుదాం. 15వ అధికరణను, విశాఖను, 28వ సిఫార్సును కలిపి ఉటంకిద్దాం. అంతర్గత కమిటీ అత్యాచారాల చట్టం కింద శిక్ష వేయలేదు, నిజమే. కానీ అక్కడ నమోదైన మాట రేపు పోలీసుల ముందూ, కోర్టులోనూ పనికొస్తుంది.

సీడా ఐచ్ఛిక ప్రోటోకాల్‌ను భారత్ ఆమోదించలేదు. కాబట్టి మన దేశపు స్త్రీ ఆ కమిటీకి నేరుగా ఫిర్యాదు చేయలేదు. ఆమోదించాలని పోరాడదాం. అంతవరకు ఆ ఒప్పందాన్ని ఇక్కడి కమిటీల బల్లల మీదే తెరిచి చదివిద్దాం.

జై భీమ్.