‘లేవు కదా?’ అని అడగకండి

డాక్టరు పట్టాలందుకున్న మీరు ఇక నా గోడు వినండి.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు వార్డులో ఒక అమ్మాయికి కేస్ షీట్ రాశాను. అత్తగారు మంచం పక్కనే నిలబడి ఉంది. “చచ్చిపోవాలన్న ఆలోచనలేమీ లేవు కదమ్మా?” అన్నాను. తల అడ్డంగా ఊపింది. ‘లేవు’ అని రాసి పక్క మంచానికి వెళ్లిపోయాను. డిశ్చార్జి అయిన నాలుగో రాత్రి ఆమెను క్యాజువాల్టీకి మోసుకొచ్చారు. బతికింది. హెడ్ నర్సు అందర్నీ బయటికి పంపి, పక్కన కూర్చుని అడిగితే గంటసేపు చెప్పుకుంది. నాతో మాత్రం ఒక్కటే మాట అంది: “మీరు లేవని చెప్పమన్నట్టే అడిగారు సార్.”

ముప్పై ఏళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు.

మీకిప్పుడు మంచి ప్రశ్నావళులున్నాయి. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న, గత రెండు వారాల్లో చనిపోతే బాగుండునని, తనకు తాను హాని చేసుకోవాలని ఎంత తరచుగా అనిపించిందో అడుగుతుంది. కొలంబియా స్కేలు ఉత్త ఆలోచనేనా, చేయాలన్న ఉద్దేశం కూడా ఉందా అని మెట్టు మెట్టుగా ఆరా తీస్తుంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఏఎస్‌క్యూలో నాలుగే ప్రశ్నలు, ఇరవై సెకన్ల పని. ఓపీలో రద్దీ అంటారా? ఇరవై సెకన్లు లేవంటే నేనొప్పుకోను నాయనా! అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయమూ వద్దు. పరిశోధనలు అలా చెప్పడం లేదు.

అలాగని స్కోరు చూసి జోస్యం చెప్పకండి. తనకు తాను హాని చేసుకున్న మనిషి మళ్లీ ప్రయత్నిస్తాడా లేదా అని తేల్చడానికి స్కేళ్లు వాడొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో స్పష్టంగా రాసింది. స్కోరు తక్కువ వచ్చిందని ఇంటికి పంపేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ కాగితం మాట కలపడానికి. ‘అవును’ అన్న మనిషిని ఒంటరిగా వదలకండి. సైకియాట్రీ వాళ్లను పిలవండి, ఇంట్లో ప్రమాదకరమైనవి అందకుండా చూడమని ఇంటివాళ్లకు చెప్పండి, మానసిక సాయానికి టెలిమానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 రాసివ్వండి.

పోలీసు కేసవుతుందని ఇంటివాళ్లు నిజం దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావిస్తుందనీ, శిక్షించదనీ మీరే వివరించండి.

ఇంకొక్కటి. రూమ్మేటు మూడ్రోజులుగా మెస్సుకు రాకపోతే, తలుపు తట్టి ఇదే ప్రశ్న అడగండి. ‘లేవు కదా’ అని కాదు. “చచ్చిపోవాలనిపిస్తోందారా?” అని అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చోండి.