స్టెంట్ వేయించుకున్నాక మాత్రల మాట
(చందానగర్‌లో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, గుండెలో స్టెంట్ ఉన్న పెన్షనరును. నా పొరపాటు చెబితే నలుగురికి మేలని కార్యదర్శిగారు అన్నందున నిలబడ్డాను.

స్టెంట్ వేసిన నాలుగో నెలలో పన్ను తీయించుకోవలసి వచ్చింది. రక్తం ఆగదేమోనని, ఎవరినీ అడగకుండా మాత్రలు రెండూ మానేశాను. ఐదో రోజున మా ఆవిడ మాత్రల డబ్బా చూసి, ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లింది. అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. "పంటి రక్తాన్ని దూదితో ఆపవచ్చు. స్టెంట్‌లో గడ్డ కడితే గుండెపోటే" అన్నారు డాక్టరుగారు.

స్టెంట్ అంటే లోహపు జాలీ గొట్టం. లోపలి పొర పెరిగి దాన్ని కప్పేవరకు రక్తం గడ్డకట్టే భయం ఎక్కువ. అందుకే ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ వంటి రెండో మాత్ర ఇస్తారు. గుండెపోటుతో చేరినవారికి సాధారణంగా 12 నెలలు, ఇతరులకు 6 నెలలు.

అయితే ప్రమాదం అందరికీ ఒకటి కాదు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, గుండె బలహీనత, పొగతాగే అలవాటు ఉన్నవారికి ఎక్కువ. వీటన్నిటికంటే చెడ్డది మాత్రలు మధ్యలో మానడం. క్లోపిడోగ్రెల్ కాలేయంలో మారితేనే పనిచేస్తుంది. పుట్టుకతో వచ్చిన తేడావల్ల కొందరిలో అది సరిగా మారదు. మన దేశస్థుల్లో ఈ తేడా చాలామందికి ఉంది. కడుపుమంటకు వాడే ఒమెప్రజోల్ కూడా దాని బలం తగ్గిస్తుంది. మరోవైపు 75 ఏళ్లు దాటినవారికి, రక్తహీనత, కడుపులో పుండు ఉన్నవారికి రక్తస్రావం భయం. వారికి డాక్టర్లు గడువు తగ్గించవచ్చు. కనుక పక్కింటాయన మానేశారని మనం మానకూడదు.

మన హైదరాబాదులోనే 1990లలో డాక్టర్ సోమరాజుగారు, అబ్దుల్ కలాంగారు కలిసి చవక స్టెంట్ రూపొందించారు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం స్టెంట్ల ధరలకు పరిమితి విధించింది. స్టెంట్ అందుబాటులోకి వచ్చింది. దాన్ని కాపాడుకోవడం మన వంతు.

నాలుగు విన్నపాలు. స్టెంట్ వేసిన తేదీ, మాత్రల పేర్లు రాసిన చీటీ జేబులో ఉంచుకోండి. డిస్పెన్సరీలో స్టాకు లేదంటే వచ్చే వారం దాకా ఆగక, ఆ రోజే బయట కొనుక్కోండి. పంటి డాక్టరు మానమన్నా, గుండె డాక్టరును అడగందే మానవద్దు. ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్ అనుకుని కూర్చోక 108కు ఫోన్ చేయండి.