అడ్డు తొలగించేవాడూ పనివాడే
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీవితమంతా ఫైళ్లు మోసిన గుమాస్తాకు రసాయన శాస్త్రంతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. మా మనుమరాలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నది. ఆమె చెప్పిన ఒక సంగతి మన సంఘానికి పనికివచ్చేదిగా తోచి మీ ముందుంచుతున్నాను.

వెనిగర్‌కు పులుపునిచ్చేది ఎసిటిక్ ఆమ్లం. కాగితాలు, చెక్కలు అంటించే తెల్ల జిగురుకూ అదే మూలం. ఫ్యాక్టరీలలో దీనిని మిథనాల్, కార్బన్ మోనాక్సైడ్ కలిపి చేస్తారు. వాటిని కలపడానికి ఉత్ప్రేరకం కావాలి. 1970 నుంచి రోడియం లోహం ఆ పని చేస్తూ వచ్చింది. 1996లో బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ 'కటీవా' అనే కొత్త పద్ధతి ప్రకటించింది. అందులో రెండు లోహాలు: ఇరిడియం, రుథేనియం. కాఫీలో పంచదారలాగా వాటి సమ్మేళనాలు ఆ ద్రవంలోనే కరిగి ఉంటాయి.

అసలు పని ఇరిడియానిది. మిథైల్ భాగాన్ని అది చప్పున అందుకుంటుంది. కాని దానిని పట్టుకొని ఉన్న అయొడైడ్ ఒకటి వదలదు. కార్బన్ మోనాక్సైడ్ వచ్చి కూర్చోవడానికి చోటుండదు. మన భాషలో చెప్పాలంటే ఫైలు పెండింగు! అప్పుడు రుథేనియం ఆ అయొడైడ్‌ను తాను పుచ్చుకొని చోటు ఖాళీ చేస్తుంది. పని ముందుకు సాగుతుంది.

రుథేనియాన్ని ఒక్కదాన్నే వేస్తే ఆమ్లం దాదాపు రాదు. ఇరిడియానికి తోడైతే మాత్రం వేగం ఎంతో పెరుగుతుంది. పైగా ఈ పద్ధతి పాతదానికంటే తక్కువ నీటితో నడుస్తుంది. ఆ నీటిని వేరుచేసే ఖర్చు కలిసివస్తుంది.

మనలో ఎనభై దాటినవారు "ఇంక మావల్ల ఏమవుతుంది?" అంటూంటారు. పెన్షను మంజూరు చేసే అధికారం మనకు లేదు, నిజమే. కాని భర్త పోయిన దుఃఖంలో ఉన్న ఇల్లాలికి ఫ్యామిలీ పెన్షను ఫారం ఎలా నింపాలో, ఏ కాగితం జతచేయాలో తెలియదు. ఒక్క ధ్రువపత్రం లేక ఆ దరఖాస్తు ఆగిపోతే ఆమె ఇంట్లో మందులు ఆగిపోతాయి. ఆ కాగితాల ఆనుపానులు మనకు కంఠతా వచ్చు. పక్కన కూర్చుని ఆ ఒక్క అడ్డు తీసిపెడితే చాలు, మిగతాది ఆఫీసు చూసుకుంటుంది.

కనుక ప్రతి సభ్యుడూ తన వీధిలో అటువంటి ఒక్క ఇంటి బాధ్యతైనా తీసుకోవలసిందిగా మనవి. పేర్లు ఈరోజే కార్యదర్శిగారికి ఇవ్వండి. మొదటి పేరు నాదే రాయించాను.