గొళ్లెం మీది పాత రంగు

పండగొచ్చిందంటే తలుపులకు రంగులు వేయిస్తాం. ఆ రంగులవాడేమో గడియల్నీ, బందుల్నీ కూడా వదలకుండా పూసేస్తాడు! మా వీధి తలుపుకున్నది ఇత్తడి గొళ్లెమని మొన్నటిదాకా నాకే తెలియదు.

ఉప్పుకాగితంతో రుద్దబోయి ఆగాను. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఆ పొడి పసిపిల్లల ఒంట్లోకి పోతే మెదడుకే చేటు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 మించరాదన్న నిబంధన మన దేశంలో 2017లోగాని అమలుకు రాలేదు మరి.

అందుకని గొళ్లెం విప్పించి, పాత స్టీలు గిన్నెలో మునిగేలా నీళ్లు పోసి, నాలుగు చెంచాల వంటసోడా వేసి, పెరట్లో కుంపటి మీద అరగంట మరగనిచ్చాను. రంగు ముడతలుపడి ఊడొచ్చింది. మిగిలింది తడిగా ఉండగానే వెదురుపుల్లతో గీకాను. అల్యూమినియం సామానుకు మాత్రం ఇది వద్దు, నల్లబడుతుంది. పెచ్చులు పొట్లం కట్టి పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ గిన్నెలో మళ్లీ పాలు కాచేరు సుమండీ!