తలకు దెబ్బ – గడ్డకట్టని నెత్తురు

యారాడ కొబ్బరితోటలో ఆడుకొనుచున్న పిల్లవాడొకడు జారిపడెననుకొందము. తల రాతికి తగిలినది. కొంతసే పేడ్చెను, తల్లి తడిగుడ్డ వేసెను, మరల ఆటకు పోయెను. తక్కిన పిల్లల విషయమున చాలవరకు కథ అంతటితో ముగియును. ఆ బాలునకు హీమోఫీలియా ఉన్నయెడల మాత్రము ఆ నవ్వుముఖమును నమ్మరాదు.

ఈ వ్యాధి గలవారికి నెత్తురు ఇతరులకంటె వేగముగా కారునని పలువురి భ్రమ. వేగమొక్కటే, ఆగవలసినపుడు ఆగదు. నెత్తురును గడ్డకట్టించు పదార్థములలో 8వ ఫాక్టరు కొరవడిన హీమోఫీలియా 'ఎ' అనియు, 9వది కొరవడిన 'బి' అనియు అందురు. చర్మము తెగినచో నెత్తురు కంటికి కనబడును. కపాలము లోపల సన్నని నాళము చిట్లినచో ఎవరికి కనబడును? అది మెల్లగా ఊరి, చోటు చాలక మెదడును నొక్కును. తలనొప్పి, వాంతులు, మగత, మాట తడబాటు, మూర్ఛ – ఇవి ఒక్కొక్కప్పుడు కొన్ని దినములకు గాని బయటపడవు.

కావున వైద్యులు పాటించు క్రమము ఇది: ముందు ఫాక్టరు, పిదప స్కాను. తీవ్రమైన దెబ్బ తగిలినచో, లక్షణములు లేకున్నను, 8వ ఫాక్టరు స్థాయిని నూటికి 80 మొదలు 100 వరకు పెంచవలెను. కిలో బరువునకు 1 యూనిట్ ఎక్కించిన స్థాయి సుమారు 2 పెరుగును. అనగా 20 కిలోల బాలునకు దాదాపు 1000 యూనిట్లు. పెద్దలలో సుమారు 12 గంటలకు, పిల్లలలో అంతకంటె ముందే, అందులో సగము తరిగిపోవును. మరల ఇవ్వక తప్పదు. 'బి' రకమునకు 9వ ఫాక్టరే కావలెను. దాని లెక్క వేరు. ఫాక్టరు దొరకనిచోట 'ఎ' రకమునకు క్రయోప్రెసిపిటేటు కొంత ఆదుకొనును. 'బి' రకమునకు అది పనికిరాదు.

యారాడవారు కొండ దాటి, సింధియా మీదుగా పట్టణము చేరవలెను. ఇంట ఫాక్టరు సీసా ఉండి, ఎక్కించుట నేర్చినవారున్నచో, అది ఎక్కించియే బయలుదేరుట మేలు. లేనిచో 108కి ఫోను చేసి, వెళ్లబోవు ఆసుపత్రిలో మందు నిలువ యున్నదో లేదో దారిలోనే విచారింపవలెను. నొప్పికి ఆస్పిరిను ఇయ్యరాదు. కండకు సూదిమందు వేయింపరాదు. ఎమిసిజుమాబ్ అను కొత్త మందు వాడువారు తమకు భయము లేదనుకొందురు. అది రక్తస్రావమును ముందుగా నివారించుటకే గాని, మొదలైనదానిని ఆపుటకు కాదు.

మేనరికము వలననే ఈ జబ్బు వచ్చెనని తల్లిని నిందించువారు నేటికిని కలరు. అది అన్యాయము. హీమోఫీలియాకు మేనరికము కారణము కాదు. సుమారు మూడింట ఒక వంతు కుటుంబములలో పూర్వమెన్నడును ఈ జబ్బు కానరాదు. 13వ ఫాక్టరు లోపము వంటి అరుదైన వ్యాధులు మాత్రము దగ్గరి సంబంధములలో ఎక్కువ. దానిలోను మెదడున రక్తస్రావపు భయము మిక్కుటము.

స్కానులో ఏమియు కనబడకున్నను, వైద్యుడు చెప్పినన్ని దినములు ఫాక్టరు మానరాదు. రాత్రులు పిల్లవానిని లేపి, మాట పలికించి చూడవలెను. వ్యాధి రకము, ఫాక్టరు స్థాయి, దానికి విరుగుడుగా శరీరములో ఇన్హిబిటర్లు పుట్టినవో లేదో ఒక కాగితమున వ్రాసి బాలుని జేబులో నుంచవలెను. ఇన్హిబిటర్లున్నవారికి మామూలు ఫాక్టరు పనిచేయకపోవచ్చును. అట్టి కాగితమే బడిలో పంతులుగారి వద్దను ఒకటి ఉండవలెను.