పిడుగు నడచిన త్రోవ



అమరకోశమున మెఱుపునకు చంచల, చపల, క్షణప్రభ యను పేళ్లు గలవు. నిలుకడ లేనిదని వాని భావము. ఆ పేళ్లు బాలురకు నేర్పుచు నేను, ఒకమాఱు పిడుగు పడినచోట మఱల పడదని కూడ చెప్పుచుంటిని. అది తప్పు. ఆ తప్పును దిద్దుకొనుటకే నేడు మీతో మాటాడుచున్నాను.

నేను దివిసీమలో పనిచేయు కాలమున, మా బడి యెదుటి చేనిగట్టున నున్న తాటిచెట్టుపై పిడుగు పడి, అది తల మాడి మోడైనది. కొన్నియేండ్లకు ఒక రైతు, గాలివాన వచ్చుచుండగా, తన గేదెలను రెంటిని ఆ మోడునకే కట్టి యింటికి పోయెను. పిడుగు మఱల ఆ మోడుమీదనే పడెను. గేదెలు రెండును చచ్చినవి. మఱునాడు అతడు నాతో, "మేష్టారూ, అక్కడ మళ్లీ పడదని మీరే చెప్పారు గదండీ!" అనెను. నాయొద్ద సమాధానము లేకపోయెను. పిమ్మట చదివి తెలిసికొన్నదానిని మనవి చేయుదును.

పిడుగు మేఘమునుండి ఒక్క దూకున నేలకు దిగునది కాదు. మేఘము క్రిందిభాగమున ఋణవిద్యుత్తు పేరుకొనినప్పుడు, అందుండి సన్నని ధార యొకటి బయలుదేరును. దీనిని అగ్రగామి యందము. గాలి విద్యుత్తును సులభముగ పోనీయదు. కావున అగ్రగామి తన దారిని తానే చేసికొనవలెను. సుమారు 50 మీటరులు సాగును; సెకనులో 20,000 వ వంతు కాలము ఆగును; మఱల సాగును. ఇట్లు కొమ్మలు వేయుచు మెట్లు మెట్లుగ దిగివచ్చును. అది నేలకు చేరువ కాగానే, చెట్టునుండియో గోపురమునుండియో మఱియొక ధార పైకి లేచి దానిని కలిసికొనును. కలిసినతోడనే సుమారు 30,000 ఆంపియరుల ప్రవాహము ఆ త్రోవలో పాఱును. అందలి గాలి సూర్యుని ఉపరితలముకంటె దాదాపు అయిదురెట్లు వేడియై, ఒక్కుమ్మడి వ్యాకోచించును. ఆ చప్పుడే యుఱుము.

కథ యంతటితో ముగియదు. త్రోవలోని గాలి కొంతసేపు వేడిగను పలుచగను ఉండును. సెకనులో ఇంచుమించు ఇరువదవ వంతు గడచునప్పటికి రెండవ అగ్రగామి ఆ త్రోవ వెంటనే దిగును. ఇది నడుమ ఆగదు, కొమ్మలు వేయదు. మొదటిదానికంటె ఏబది రెట్ల వేగమున బాణమువలె వచ్చును. ఒక్క మెఱుపులో ఇట్టి తాకుడులు సాధారణముగ 3, 4 ఉండును. మెఱుపు మన కన్నులకు అదరుచున్నట్లు తోచుట యిందుచేతనే. ఇంగ్లండు దేశీయుడగు ఛార్లెస్ బాయ్స్ కల్పించిన తిరుగుడు కటకముల కెమెరాతో, 1930 తరువాత దక్షిణాఫ్రికాలో బేసిల్ షోన్లండ్ మెఱుపుల ఛాయాచిత్రములు తీసి యీ క్రమమును నిరూపించెను.

కృష్ణా డెల్టా రైతునకు ఈ సంగతి క్రొత్త కాదు. నెఱియలు విచ్చిన చేనికి తొలితడి పెట్టునప్పుడు నీరు ఆగి యాగి, పాయలై, మెల్లగా నడచును. ఆ తడి యాఱకమునుపే మఱల నీరు పెట్టినచో, నడచిన జాడనే పట్టి చివరిగట్టు చేరును. ఆఱిన తరువాత పెట్టినచో మఱల తొలితడి కష్టమే. మెఱుపుత్రోవయు నట్టిదే. సెకనులో పదవవంతు గడచెనా, త్రోవ చల్లారును. అటుపిమ్మట వచ్చు అగ్రగామి మఱల మెట్లు వేయుచు దిగవలెను. లేదా వేఱుదారి పట్టి వేఱొకచోట పడును. మెఱుపులలో మూడవవంతునుండి సగము వఱకు ఇట్లు ఒకటికి మించిన చోట్ల నేలను తాకునవే.

అట్లయినచో, ఏండ్ల తరువాత ఆ మోడుపై పిడుగు ఏల పడెను? పాతత్రోవవలన గాదు, అది సెకను కాలమైనను నిలిచినది కాదు. ఎత్తువలన పడెను. సమతలమైన వరిచేల నడుమ పొడవైనది ఆ మోడొక్కటే. తల మాడినను దాని యెత్తు తగ్గలేదు. చంచల యను పేరు చూచి నేను మోసపోతిని.

మన రాష్ట్రమున 2018 ఏప్రిల్ 24 వ తేదీని 13 గంటలలో 36,749 పిడుగులు నమోదైనట్లు విపత్తుల నిర్వహణ సంస్థవారు ప్రకటించిరి. పుణె నగరమందలి ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు పిడుగు హెచ్చరికలకై చరవాణిలో "దామిని" యను సాధనమును కల్పించిరి. దామిని యన్నను మెఱుపే. అది చేతలేనివారికి లెక్కయే సాధనము. మెఱుపు కనబడినది మొదలు ఉఱుము వినబడువఱకు లెక్కింపుడు. మూడు సెకనులకు ఒక కిలోమీటరు దూరము. ముప్పది సెకనులకు లోపుగ ఉఱిమినచో నాట్లు, కోతలు విడిచి పక్కాయిల్లు చేరవలెను. చెట్టుక్రిందికి పోరాదు, అది ఇదివఱకు పిడుగు పడిన చెట్టైనను పోరాదు. కడపటి యుఱుము వినబడిన పిమ్మట అరగంట వఱకు వెలికి రారాదు.

విజయవాడ యింద్రకీలాద్రిమీద అర్జునుడు తపస్సు చేసెనని స్థలపురాణము. ఉఱిమినప్పుడు ఆ మహావీరుని పేళ్లు తలచుట మన యాచారము. తప్పక తలపుడు. కాని యింటిలో కూర్చుండి తలపుడు. పశువులను కూడ లోనికి తోలుకొని వచ్చి, ఆపైని తలపుడు.