లేదు కాదు, కనిపించలేదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ని. స్కాన్ తీసి, క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చెప్పడం నా పని. "నీ పని గురించి అందరికీ అర్థమయ్యేలా నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు కమిటీవారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందో లేదో చూడడానికి పెట్-సీటీ మేలా, పెట్-ఎమ్మారై మేలా?

ముందు పెట్ సంగతి. గ్లూకోజ్ లాంటి పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ జతచేసి నరంలోకి ఎక్కిస్తాం. చాలా రకాల క్యాన్సర్ కణాలు చక్కెరను ఆబగా లాక్కుంటాయి కాబట్టి అవి ఉన్నచోట వెలుగు కనబడుతుంది. రాత్రిపూట డాబా ఎక్కి చూస్తే ఊళ్లో దీపాలు కనబడతాయి గానీ, ఏ దీపం ఏ వీధిలోదో తెలియదు కదా! పెట్ కూడా అంతే. దానికి వీధుల పటం తోడు కావాలి. ఆ పటం సీటీ ఇస్తే పెట్-సీటీ, ఎమ్మారై ఇస్తే పెట్-ఎమ్మారై. మొదటిది 2001 ప్రాంతంలో ఆసుపత్రుల్లోకి వచ్చింది. రెండోది మరో పదేళ్లకు వచ్చింది.

ఎమ్మారైలో ఎక్స్-రేలు ఉండవు. అందుకని పిల్లలకు మొత్తం మీద రేడియేషన్ తగ్గుతుంది. మెదడు, కాలేయం, ఎముక మజ్జ సీటీలో కన్నా బాగా తెలుస్తాయి. ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఎమ్మారై బొమ్మ వచ్చేది ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ వల్ల. ఊపిరితిత్తుల్లో ఎక్కువ భాగం గాలే. పైగా ఊపిరి ఆడుతుంటుంది, పక్కన గుండె కొట్టుకుంటుంది. సీటీకి మాత్రం ఆ గాలే కలిసొస్తుంది. నల్లటి గాలి మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల తెల్లచుక్క కూడా కనబడుతుంది.

కొన్నేళ్ల కిందట మోకాలి దగ్గర ఎముక క్యాన్సర్‌తో ఒక పదహారేళ్ల అమ్మాయి వచ్చింది. చిన్నపిల్ల, రేడియేషన్ తగ్గిద్దామని పెట్-ఎమ్మారై తీశాం. కాలు అద్భుతంగా కనబడింది. ఛాతీలో ఎక్కడా వెలుగు లేదు. "ఊపిరితిత్తుల్లో జబ్బు లేదు" అని రాసి సంతకం పెట్టాను. వాళ్ల నాన్న రెండు చేతులూ జోడించారు.

ఆపరేషన్ చేయాల్సిన డాక్టర్ ఊరుకోలేదు. ఊపిరి బిగబట్టించి ఛాతీ సీటీ తీయించారు. నాలుగు చుక్కలు. అన్నీ ఐదు మిల్లీమీటర్ల లోపే. ఎనిమిది మిల్లీమీటర్ల కన్నా చిన్నవాటిలో పెట్ వెలుగును నమ్మలేం. అది నాకు తెలియనిది కాదు. తెలిసీ "లేదు" అని రాశాను. కీమో ఇచ్చి, కాలికి ఆపరేషన్ చేశాక ఆ చుక్కలు కూడా తీశారు. రెండింటిలో క్యాన్సర్ ఉంది, రెండింటిలో లేదు. ఈ రకం క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకినా, ఆ గడ్డలన్నీ తీసేయగలిగితే కొందరికి పూర్తిగా నయమవుతుంది. నా రిపోర్టు నమ్మి ఉంటే ఆ అవకాశం పోయేది.

ఆ రాత్రి నాకు మన తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. ఎనిమిదో తరగతిలో లైబ్రరీ బీరువాలో ఒక పుస్తకం తెమ్మన్నారు. "లేదు సార్" అన్నాను. ఆయన వచ్చి, పెద్ద పుస్తకం వెనక నుంచి దాన్ని తీసి, "లేదనకురా, నాకు కనబడలేదను" అన్నారు. అప్పుడు అందరూ నవ్వారు.

ఇక ప్రశ్నకు జవాబు. పెద్దవి, బాగా వెలిగేవి రెండు యంత్రాలూ పట్టుకుంటాయి. చిన్నవి, వెలగనివి పట్టడంలో పెట్-సీటీదే పైచేయి. ఎమ్మారైలో కొత్త పద్ధతులు వచ్చి తేడా తగ్గుతోంది గానీ, పూర్తిగా పోలేదు. పెట్-సీటీలోనూ ఒక మెలిక ఉంది. అందులో సీటీ చాలాసార్లు మామూలుగా ఊపిరి తీస్తుండగానే తీస్తారు. అప్పుడు చిన్నచుక్కలు మసకబారి తప్పిపోవచ్చు. కాబట్టి ఏ యంత్రమైనా, ఊపిరితిత్తుల సంగతి తేల్చుకోవాలంటే ఊపిరి బిగబట్టి తీసిన ఛాతీ సీటీ తోడుండాలి. దాన్ని తక్కువ డోసుతోనూ తీయొచ్చు.

మరో మాట. వెలిగిందల్లా క్యాన్సర్ కాదు. టీబీ కూడా అలాగే వెలుగుతుంది. మన దేశంలో ఇది మరీ ముఖ్యం. మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవసరం వస్తే పాత సీడీలు, ఫిల్ములు పారేయకండి. చుక్క పెరిగిందా, అలాగే ఉందా అన్నది పాతదానితో పోల్చితేనే తెలుస్తుంది.

ఆ అమ్మాయి ఇప్పటికీ చెకప్‌కు వస్తుంది. ఆమె రిపోర్టులో నేను "లేదు" అని రాయను. "ఈ పరీక్షలో కనిపించలేదు" అని రాసి, ఏ పరీక్షో, ఎలా తీశామో కూడా రాస్తాను. ఆ వాక్యం నేర్పింది వైద్య కళాశాల కాదు, ఈ బడి. మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. వారికి నమస్కరించి సెలవు తీసుకుంటాను.